చేతికందిన మంచి

లాట్వియన్ భాషలో ‘లబ్స్’ అనే చిన్న విశేషణం పుట్టుక, దాని అర్థాల విస్తరణ

‘మంచి’ అన్న అర్థంలో లాట్వియన్ భాష వాడే విశేషణం ‘లబ్స్’. బాల్టిక్ సముద్రపు తూర్పు తీరాన, ఎస్తోనియాకూ లిథువేనియాకూ నడుమ ఉన్న లాట్వియాలో ఉదయం ఎదురైనవారిని పలకరించేదీ, రాత్రి వారి దగ్గర సెలవు తీసుకునేదీ ఈ మాటతోనే. దారి అడిగినవారికి కుడివైపును చూపించేదీ, పొలంలో పండిన గింజకు పేరు పెట్టినదీ ఇదే. ఒక్క అచ్చు, మూడు హల్లులు ఉన్న ఇంత చిన్న మాట ఇన్ని పనులు చేయడం వెనక కొన్ని వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక పాయ తెలుగువారు రోజూ వాడే మాటల్లోకీ చేరి ఉంది.

మంచి అనే భావానికి ప్రతి భాషలోనూ ఒక మాట ఉంటుంది గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగడం అరుదు, ఎందుకంటే నిత్యం నోట నలిగే మాటలే తమ పుట్టుకను అన్నిటికన్నా ముందు మరచిపోతాయి. ‘లబ్స్’ విషయంలో మాత్రం చుట్టాలైన భాషల సాక్ష్యం కలిసివచ్చి, మంచితనమనే కంటికి కనబడని భావం పిడికిలి బిగించి పట్టుకునే చేతి నుంచి ఎలా పుట్టిందో మెట్టుమెట్టుగా చూపగలిగే అవకాశం పండితులకు దొరికింది.

రెండు జీవద్భాషలు, ఒక మృతభాష

ఇండో-యూరోపియన్ భాషాకుటుంబంలో బాల్టిక్ శాఖ చిన్నది. అందులో ఈనాడు జీవించి ఉన్నవి ప్రధానంగా రెండే: ఒకటి దాదాపు 15 లక్షల మందికి మాతృభాషగా ఉండి, 2004 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో చోటు సంపాదించుకున్న లాట్వియన్; రెండోది లిథువేనియన్. మూడోదైన ప్రాచీన ప్రష్యన్ 18వ శతాబ్దపు తొలినాళ్లకే మాట్లాడేవారు లేక గతించిపోయింది. ఆ భాష ఎలా ఉండేదో తెలిపే ముఖ్యమైన ఆధారాలు కోనిగ్స్‌బెర్గ్ నగరంలో 1545లోనూ 1561లోనూ అచ్చయిన క్రైస్తవ మతబోధ పుస్తకాలు. ఈ మూడు భాషల్లోనూ మంచికి ఈ మాట ఉంది. ప్రష్యన్ పుస్తకాల్లో అది ‘లబ్స్’గానే కనిపిస్తుంది, లిథువేనియన్‌లో దాని రూపం ‘లాబస్’. లిథువేనియన్లు దారిలో ఎదురైనవారిని ‘లాబస్’ అన్న ఒక్క మాటతోనే పలకరిస్తారు. తెలంగాణ పల్లెలో ‘మంచిగున్నరా?’ అని అడగడంలో ఉన్న ఆత్మీయతే అందులోనూ ఉంటుంది. అదే మాట నుంచి వచ్చిన ‘లబాయ్’ అనే క్రియావిశేషణానికి ఆ భాషలో ‘చాలా’ అని అర్థం.

మూడు భాషలూ పంచుకున్నాయంటే ఈ విశేషణం అవి విడిపోకముందే, మూల బాల్టిక్ దశలోనే స్థిరపడి ఉండాలి. అయితే ఆ శాఖకు అతి దగ్గరదైన స్లావిక్ భాషల్లో మంచికి ఈ మాట లేదు. రష్యన్‌లోనూ పోలిష్‌లోనూ వినిపించే ‘దోబ్ర్’ తరహా మాటల మూలం వేరు. మిగిలిన యూరప్ భాషల్లోనూ ఇదే అర్థంతో ఇదే మాట దొరకదు. కాబట్టి ‘లబ్స్’ పుట్టుకను ‘మంచి’ అనే అర్థం దగ్గర కాక, అంతకు ముందరి అర్థం దగ్గర వెతకవలసి వచ్చింది.

ఆ జాడ చూపిన ముఖ్యమైన మాట లిథువేనియన్‌లో ఉంది. అక్కడ ‘లోబిస్’ అంటే నిధి, కూడబెట్టిన సంపద. ధనవంతుడు కావడాన్ని చెప్పే క్రియ కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. ‘లాబస్’ అన్న మాటే నామవాచకంగా వాడినప్పుడు మేలు అనీ, ఆస్తి అనీ అర్థాలిస్తుంది. గ్రీకులో యుద్ధంలో కొల్లగొట్టి తెచ్చుకున్న సొత్తుకు పేరైన ‘లాఫురా’ను కూడా తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు ఈ వరుసలోనే చేరుస్తారు. అంటే మొదట పట్టుకోవడం, పట్టుకున్నందువల్ల దక్కడం, దక్కినది సొత్తు కావడం, సొత్తయినది మేలైనదిగా తోచడం: ఈ నాలుగు మెట్లెక్కి ఆ ధాతువు మంచి దగ్గరికి చేరిందన్నది ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. సంస్కృతంలో ‘వసు’ శబ్దానికి మంచిది అనీ ధనం అనీ రెండర్థాలూ ఉండటాన్ని గుర్తుచేసుకుంటే, సంపద నుంచి మంచికి సాగిన ఈ ప్రయాణం విడ్డూరమేమీ కాదని తెలుస్తుంది.

తెలుగు నోట వినిపించే చుట్టాలు

ఈ ధాతువుకు సంస్కృతంలో ఉన్న రూపం ‘లభ్’, అంటే పొందడం. తెలుగువారికి దీన్ని పరిచయం చేయవలసిన పనే లేదు. లాభం, లభించడం, లభ్యం ఈ ధాతువు నుంచి వచ్చినవే. తేలికగా దొరికేది కనుక సులభం, దొరకడం కష్టం కనుక దుర్లభం. ధనలిప్స అన్నప్పుడు వినిపించే ‘లిప్స’ కూడా ‘పొందాలనే కోరిక’ అని చెప్పడానికి ఈ ధాతువు నుంచే సంస్కృతం చేసుకున్న రూపం. ప్రభుత్వ పథకాల వార్తల్లో ప్రతి రోజూ కనబడే ‘లబ్ధిదారు’లో ముందు భాగం సంస్కృతం, వెనక భాగం పారసీకం, ఆ ముందు భాగానికి లాట్వియా రాజధాని రీగా వీధుల్లో వినిపించే ‘లబ్స్’ దూరపు బంధువు. ఋగ్వేదంలో పట్టుకోవడమనే అర్థంలో రేఫతో కనిపించే ‘రభ్’ కూడా ఇదే ధాతువుకు మరో రూపమని చాలామంది భావిస్తారు. ఆ లెక్కన ‘ఆరంభం’ అంటే మొదట చేత్తో పట్టుకోవడమే. పని మొదలుపెట్టడాన్ని తెలుగు ‘చేపట్టడం’ అంటుందని గుర్తున్నవారికి ఆ భావం వెంటనే పట్టుబడుతుంది. లోభం మాత్రం ఈ ఇంటి బిడ్డ కాదు; ధ్వనిలో ఎంత దగ్గరగా తోచినా అది ‘లుభ్’ అనే మరో ధాతువు నుంచి వచ్చింది.

ధ్వని పోలిక ఒక్కటే చుట్టరికానికి ఆధారం కాదు గనుక, ఇక్కడ పోలిక నియమబద్ధంగా ఉందని చూపవలసి ఉంటుంది. సంస్కృతంలో ఒత్తుతో పలికే ‘భ’కారం ఉన్నచోట బాల్టిక్ భాషల్లో ఒత్తులేని ‘బ’కారం రావడం క్రమం తప్పని మార్పు: సంస్కృతపు ‘భ్రాతృ’ శబ్దానికి దీటుగా లాట్వియన్‌లో సోదరుణ్ని ‘బ్రాలిస్’ అంటారు, ఉండటాన్ని చెప్పే ‘భూ’ ధాతువుకు అక్కడి జోడు ‘బూత్’. ‘లభ్’ ‘లబ్’ కావడం ఈ నియమానికి సరిగ్గా ఒదుగుతుంది.

పలకరింపులను గమనిస్తే ఈ బంధుత్వం మరింత స్పష్టంగా కనబడుతుంది. పగటిపూట లాట్వియన్లు చెప్పుకునే ‘లబ్దియెన్’లో ‘దియెన’ అంటే రోజు. అది సంస్కృతపు ‘దిన’ శబ్దానికి సోదరి. రాత్రి సెలవు తీసుకునేటప్పుడు చెప్పే ‘అర్ లబు నక్తి’లోని చివరి మాట, రాక్షసులను నక్తంచరులు అన్నప్పుడు వినిపించే ‘నక్తం’తో పుట్టుకను పంచుకున్నది. అంటే ‘లబ్దియెన్’లోని రెండు ముక్కలకూ తెలుగు నిఘంటువులో ‘లాభం’, ‘దినం’ అనే దూరపు చుట్టాలున్నాయి. సాధారణంగా ప్రతి మాటలోనూ మొదటి అక్షరాన్నే ఊనికతో పలకడం లాట్వియన్ స్వభావం కాగా, ‘లబ్దియెన్’, ఉదయపు పలకరింపు ‘లబ్రీత్’, సాయంకాలపు ‘లబ్వకర్’ మాత్రం రెండో అక్షరం మీద ఊనికతో పలుకుతాయి. రెండు మాటలుగా ఉన్న పదబంధం ఒక్కటిగా అతుక్కున్న గుర్తును అవి అలా నిలుపుకున్నాయి.

ఇక్కడ ఒక పొరపాటును గట్టిగా కాదనవలసిన అవసరం ఉంది. ఇటువంటి పోలికలను చూపించి, బాల్టిక్ ప్రజలు సంస్కృతమే మాట్లాడుతున్నారనీ, వారి పూర్వులు భారతదేశం నుంచే వెళ్లారనీ చెప్పే ప్రచారం తరచుగా వినబడుతుంది. భాషాశాస్త్రం దాన్ని సమర్థించదు. లాట్వియన్ సంస్కృతం నుంచి పుట్టలేదు, సంస్కృతం లాట్వియన్ నుంచీ పుట్టలేదు. రెండూ ఒకే పూర్వభాష నుంచి వేర్వేరు దారుల్లో నడిచివచ్చాయి. ద్రావిడ భాషయిన తెలుగు ఆ కుటుంబానికే చెందదు. లాభం, దినం దానికి సంస్కృతం నుంచి తత్సమాలుగా అందిన మాటలు. ఉన్నంత చుట్టరికమే ఎంతో విలువైనది కాబట్టి, లేనిదాన్ని దానికి తగిలించడం ఉన్నదానికే అన్యాయం.

హ్రస్వానికీ దీర్ఘానికీ నడుమ

‘లబ్స్’ అని రాసినా, చివరి సకారం ప్రభావంతో దాని ముందున్న బకారం పకారమై ‘లప్స్’ అనే పలుకు వస్తుంది. సంస్కృతంలో ‘లభ్’ ధాతువుకు భవిష్యత్కాలంలో ‘లప్స్యతే’ అనే రూపం రావడానికి కారణం కూడా ఇటువంటి మార్పే.

ఈ విశేషణానికి లింగ వచన విభక్తులు ఉంటాయి: పురుషుడి గురించి చెప్పేటప్పుడు ‘లబ్స్’, స్త్రీ గురించి ‘లబ’. ఇంతకంటే ముఖ్యమైన భేదం నిశ్చిత, అనిశ్చిత రూపాలది. ఎవరో ఒక మంచి మనిషి అన్నప్పుడు ‘లబ్స్’, ఇదివరకే తెలిసిన ఆ మంచి మనిషి అన్నప్పుడు ‘లబైస్’. స్త్రీలింగంలో మొదటిది ‘లబ’, రెండోది ‘లబా’. పూర్వం విశేషణం వెనక సర్వనామాన్ని చేర్చి పలకడం వల్ల కాలక్రమంలో ఆ రెండూ కలిసిపోయి నిశ్చిత రూపాలు ఏర్పడ్డాయి. హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారిపోవడం తెలుగువారికి చిన్ననాటి నుంచీ అలవాటే గనుక, ‘రువక’ అనే చేతికి ముందు ‘లబ’ చేరిస్తే మంచి చేయి, ‘లబా’ చేరిస్తే కుడి చేయి అవుతుందంటే ఆ సూక్ష్మం వారికి ఇట్టే అర్థమవుతుంది.

మంచి చేయే కుడి చేయి

కుడివైపుకు లాట్వియన్‌లో వేరే మాట లేదు. మంచి వైపే కుడి వైపు. దారి చెప్పేటప్పుడు కుడికి అంటే ‘ప లబి’, ఎడమకు అంటే ‘ప క్రెయిసి’. రీగా పాత నగరం దౌగవ నదికి కుడి ఒడ్డున ఉందని చెప్పాలంటే, విడివిడిగా అర్థం తీసుకుంటే ‘మంచి ఒడ్డున’ ఉందని చెప్పినట్టవుతుంది.

ఇది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు కాదు. లిథువేనియన్ కుడిని ‘దెషినే’ అంటుంది. అది సంస్కృతపు ‘దక్షిణ’ శబ్దానికీ లాటిన్ ‘దెక్స్‌తెర్’కూ సోదరి. తూర్పు ముఖంగా నిలిచినవారికి కుడిచేతి పక్కన ఉన్న దిక్కు గనుకనే దక్షిణ దిక్కుకు ఆ పేరు వచ్చింది, కుడి భుజం దేవుడి వైపు ఉండేట్టు తిరగడం గనుకనే అది ప్రదక్షిణమయింది. ఇంత ప్రాచీనమైన మాటను లాట్వియన్ ఎప్పుడో పోగొట్టుకుని, దాని చోట ‘లబ్స్’ను కూర్చోబెట్టుకుంది. ఎడమను సూచించే ‘క్రెయిస్’కు చుట్టమైన లిథువేనియన్ మాట ‘క్రెయివస్’కు వంకర అని అర్థం. ఒక చేయి మంచిదీ, మరో చేయి వంకరదీ కావడంలో కొత్త కోడలిని కుడికాలు ముందు పెట్టి లోపలికి రమ్మనే తెలుగు ఇంటికి తెలియని భావమేమీ లేదు. ఎడమచేతివాటం వారిని పుర్రచేతివారని వేరుచేసి చూసిన అలవాటు ఎంత అన్యాయమో, భాషలోకి ఇంకిపోయిన ఈ తీర్పూ అంతే అన్యాయమైనది.

ఆశ్చర్యమేమంటే, ఉత్తరాన పొరుగునే ఉన్న ఎస్తోనియన్ అసలు ఇండో-యూరోపియన్ భాష కాదు, ఫిన్నిష్‌కు చుట్టమైన వేరే కుటుంబానికి చెందినది; అయినా అక్కడ కుడిని చెప్పే ‘పరెమ్’ అనే మాటకు ‘మరింత మంచి’ అన్న అర్థం కూడా ఉంది. శతాబ్దాల తరబడి పక్కపక్కన బతికిన ప్రజలు మాటలను అరువు తీసుకోకపోయినా ఆలోచనను పంచుకోగలరనడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

కుడి ఎడమల ఈ భేదం నేతలోకీ అల్లికలోకీ వెళ్లింది. బట్టకు పైకి కనబడే ముఖం ‘మంచి వైపు’, లోపలి ముఖం ‘ఎడమ వైపు’. ఉన్ని అల్లేవారు తిన్నగా పడే కుట్టును ‘లబిస్కియె’ అనీ, తిరగవేసి పడే కుట్టును ‘క్రెయిలిస్కియె’ అనీ పిలుస్తారు. 2006లో రీగాలో నాటో దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు అతిథులకు కానుకగా ఇచ్చిన సుమారు 4,500 జతల ఉన్ని చేతితొడుగులను చేత్తో అల్లినవారి వేళ్ల కింద కదిలినవి ఈ మంచి కుట్లూ ఎడమ కుట్లూనే. రాజకీయాల్లో మితవాదులను ‘లబేయియె’ అనడం మాత్రం ఫ్రెంచి విప్లవకాలపు సభలో కూర్చున్న వైపును బట్టి యూరప్ అంతటా వ్యాపించిన వాడుకకు అనువాదమే; అందులో ‘మంచివారు’ అన్న ధ్వని వినబడటం కాకతాళీయం.

నోట నలిగిన రూపాలు

‘లబ్స్’ సంతానం విస్తారమైనది. ప్రయోజనం ‘లబుమ్స్’, తప్పు దిద్దడం ‘లబుఓత్’, ఇష్టపూర్వకంగా అనడానికి ‘లబ్‌ప్రాత్’, దాత ‘లబ్‌దరిస్’. ‘పిల్లల కోసం’ అనడానికి నామవాచకం తరవాత చేర్చే ‘లబద్’ కూడా ఈ మాటే. తెలుగులో ఒకరి మేలు కోరి అనడానికీ, ఒకరి కోసం అనడానికీ మధ్య దూరం ఎంత తక్కువో ఇక్కడా అంతే. సంక్షేమాన్ని చూసే మంత్రిత్వ శాఖ పేరులోని ‘లబ్‌క్లాయీబ’కు మూలార్థం ‘బాగా జరుగుబాటు కావడం’. 1937 నాటి పౌర స్మృతి తన మొదటి నిబంధనలోనే హక్కులనూ బాధ్యతలనూ ‘లబ తిత్సీబ’తో, అంటే సద్బుద్ధితో నెరవేర్చాలని నిర్దేశించింది.

నిత్య వాడుకలో ఈ విశేషణం తన అర్థాన్ని ఇంకా సాగదీస్తుంది. ‘లబి’ అంటే ‘సరే’. ఒంట్లో బాగా లేక కడుపులో తిప్పుతోందని చెప్పడానికి ‘నాకు మంచిగా లేదు’ అన్న అర్థం వచ్చే మాటలు చాలు. ‘లబు లయికు’ అంటే మంచి కాలమని కాదు, చాలాసేపు అని. తెలుగువారు ‘మంచి ఎండలో వచ్చాడు’, ‘మంచి నిద్రలో ఉన్నాడు’ అన్నప్పుడు ఆ ‘మంచి’ గుణాన్ని కాక నిండుదనాన్ని చెబుతున్నట్టే, ‘లబ్స్’ కూడా కొలతను చెప్పే పనికి దిగుతుంది. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని రెండు మాటలు ఒకే దారిలో నడిచాయంటే, ఆ దారి మనిషి మనసుదే గాని ఏ ఒక్క కుటుంబానిదీ కాదు.

కళ్లంలో గింజ

ఈ మాట చేసిన అన్నిటికన్నా అందమైన పని ధాన్యానికి పేరు కావడం. విశేషణాలను భావనామాలుగా మార్చే ‘ఈబ’ ప్రత్యయాన్ని ‘లబ్స్’కు చేరిస్తే వచ్చే ‘లబీబ’కు నిర్మాణాన్ని బట్టి చెప్పవలసిన అర్థం మంచితనం, కాని లాట్వియన్‌లో దాని అర్థం గడ్డి జాతికి చెందిన తిండిగింజల పంట, అంటే రై, బార్లీ, గోధుమ, ఓట్స్. మనుషుల్లోని మంచితనానికి ‘లబెస్తీబ’ అనే మరో మాటను కేటాయించి, చేనిలో నిలిచిన పైరుకు మాత్రం ఈ పేరును వదిలేశారు. చలి ఎక్కువగా, వేసవి కురచగా ఉండే ఆ నేల మీద ఏడాదికి సరిపడా గింజ చేతికి రావడమే బతుకు. జంట వెన్నులో కొలువుంటాడని నమ్మిన ‘యుమిస్’ అనే పంటల దేవతను కోత చివర మర్యాదగా ఇంటికి తెచ్చుకున్న రైతులకు మంచి అనేది మొదట గింజ రూపంలోనే కనబడటం సహజం.

తెలుగు కూడా ఇటువంటి పనే చేసింది. తాగడానికి పనికివచ్చే నీటిని మంచినీళ్లు అంది, నువ్వుల నూనెకు మంచినూనె అని పేరు పెట్టింది. బతకడానికి అవసరమైన వస్తువుకు ‘మంచి’ అన్న ముద్ర వేసి, కాలక్రమంలో ఆ ముద్రే పేరైపోయేంతగా వాడింది. ‘లబీబ’లో జరిగినది అదే, కాకపోతే అక్కడ వస్తువు పేరు పూర్తిగా తొలగిపోయి గుణం ఒక్కటే మిగిలింది. పక్కనున్న లిథువేనియన్ మాత్రం గింజల పంటకు ‘యవాయ్’ అనే పాత మాటను అట్టిపెట్టుకుంది. సంస్కృతపు ‘యవ’ శబ్దంతో పుట్టుకను పంచుకున్న ఆ మాటను, బార్లీని యవలని పిలిచే తెలుగువారు వెంటనే గుర్తుపడతారు.

ఈ వివరాలన్నీ నిలిచి ఉన్నాయంటే కారణం కొందరు మనుషుల ఓపిక. క్రిష్యానిస్ బరోన్స్ 1894 నుంచి 1915 దాకా ఆరు సంపుటాలుగా అచ్చు వేయించిన జానపద గీతాలు 2,17,996. ఆయన వాటి చీటీలను వర్గీకరించి దాచుకున్న చెక్క బీరువా 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కింది. కార్లిస్ మీలెన్‌బహ్స్ పల్లె నోళ్ల నుంచీ పాటల నుంచీ సేకరించి, పూర్తికాకుండానే 1916లో విడిచివెళ్లిన మహానిఘంటువును యానిస్ ఎన్‌జెలీన్స్ తన భుజాన వేసుకుని 1923 నుంచి 1932 వరకు నాలుగు సంపుటాలుగా వెలువరించారు. లాట్వియన్ మాటల పుట్టుకను వివరించే రెండు సంపుటాల నిఘంటువును కొన్స్తన్‌తీన్స్ కరులిస్ దేశం మళ్లీ స్వతంత్రమైన మరుసటి ఏడాది, 1992లో ప్రజల చేతికిచ్చారు.

తెలుగునాట కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు. ‘లాభం’ అని, ఆ తరవాత ‘రెండు’ అని లెక్క సాగిస్తారు. అక్కడ గింజకే ‘లబీబ’ అన్న పేరు నిలిస్తే, ఇక్కడ అదే ధాతువు గింజను కొలిచే తొలి అంకె చోటులో నిలిచింది. కుంచం పోయి కాటా వచ్చిన తరవాత ఈ లెక్క వినబడటం తగ్గిపోయింది. దాన్ని చెవులారా విన్న పెద్దలు ఇంకా ఉన్నారు. ఏ ఊళ్లో, ఏ గింజకు, ఏ కొలతతో, ఎలా పలికేవారో వారిని అడిగి, వారి ఊరి పేరుతో సహా ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.